పర్సులో ఉన్న తేదీ

నా డ్రైవింగ్ లైసెన్సు మీద గడువు 2024 ఆగస్టు 14 అని ఉండేది. ఎనిమిది నెలలు ఆ కార్డు నా పర్సులోనే ఉంది. ఎన్నిచోట్ల తీసి చూపించానో లెక్కలేదు. ఫొటోలో జుట్టు చెదిరి దయ్యంలా ఉన్నానని తిట్టుకున్నాను కూడా. ఆ తేదీ ఏమిటి, అలా ఎందుకుంది అని మాత్రం ఒక్కరోజూ అనుకోలేదు. మా ఆయన లైసెన్సు 2026 సెప్టెంబరు దాకా ఉంది. ఇద్దరం ఒకే విమానం దిగాం, డాలస్ ఎయిర్‌పోర్టులో ఒకే కౌంటర్ ముందు నిలబడ్డాం, ఒకరి తర్వాత ఒకరం అదే గాజుపలక మీద వేళ్లు పెట్టాం. ఆయనకి మూడేళ్లు, నాకు పది నెలలు.

జూలై 22 రాత్రి, బాబు పడుకున్నాక, లైసెన్సు రెన్యువల్‌కి ఏమేం కావాలో చూసి పెట్టుకుందామని లాప్‌టాప్ తెరిచాను. టెక్సస్‌లో మాలాంటివాళ్లకి ఇచ్చేది 'లిమిటెడ్ టర్మ్' లైసెన్సు. దేశంలో ఉండటానికి అనుమతి ఎప్పటిదాకా ఉంటే లైసెన్సూ అప్పటిదాకే. తీసుకెళ్లాల్సిన కాగితాల్లో ఐ-94 ఒకటి, దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం. సీబీపీ (సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైట్‌లో పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు కొడితే ఒక పేజీ వస్తుంది. అందులో 'అడ్మిట్ అంటిల్ డేట్' అని ఒక వరస ఉంటుంది. నా దానిలో ఆ వరసకి ఎదురుగా ఆగస్టు 14, 2024. ఏదో తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. సొరుగులోంచి పాస్‌పోర్టు తీసి వీసా స్టాంపు చూశాను. అక్కడ శుభ్రంగా 2026 సెప్టెంబరు అని ఉంది. అప్పుడు అదే పాస్‌పోర్టు మొదటి పేజీ తిప్పాను. పాస్‌పోర్టు గడువు ఆగస్టు 14, 2024.

ఇంకా ఇరవై మూడు రోజులుంది.

ఇందులో అవతలివాళ్ల తప్పేమీ లేదు. పాస్‌పోర్టు ఎప్పటిదాకా చెల్లుతుందో అప్పటిదాకే ఐ-94 ఇవ్వడం ఎయిర్‌పోర్టులో మామూలుగా జరిగేదే. 2023 అక్టోబరులో మేం ఇండియా వెళ్లి వీసా స్టాంపు వేయించుకుని తిరిగొచ్చేసరికి నా పాస్‌పోర్టుకి పది నెలల ఆయుష్షే మిగిలింది. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టి కొత్తది తెప్పించుకున్నాను. పాతదాని మూల కత్తిరించి కొత్తదానితో కలిపి పంపించారు. హమ్మయ్య, ఒక పనైపోయింది అనుకుని రెండిటికీ రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పడేశాను. కొత్త పాస్‌పోర్టు వచ్చినంత మాత్రాన ఐ-94 దానంతటది పెరగదని నాకు తెలీదు. అది తెలుసుకోవాల్సింది నేనే అన్నది అంతకన్నా తెలీదు.

ఈ రెండో తెలియకపోవడం గురించే ఇదంతా రాస్తున్నాను. భార్య వీసా ఎక్స్‌టెన్షన్ అనేది భర్త వీసాకి తోక కాదు. దానికి వేరే ఫారం, వేరే ఫీజు, వేరే తేదీ, వేరే జవాబు. అయినా చట్టం దాన్ని తోకలాగే చూస్తుంది, కంపెనీ లాయర్లూ తోకలాగే చూస్తారు, మన ఇళ్లలో మనమూ అలాగే చూస్తాం. మొదటి రెండూ మన చేతిలో లేవు. మూడోది పూర్తిగా మన చేతిలోనే ఉంది, దానిమీదే నాకు ఎక్కువ కోపం.

అసలు 'వీసా ఎక్స్‌టెన్షన్' అన్న మాటతోనే వస్తుంది తంటా. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగ వీసాలో ఉన్నవాళ్ల భార్యగానో భర్తగానో, అమెరికాలో ఉన్నవాళ్ల వీసాని ఇక్కడ ఎవరూ పొడిగించరు. వీసా గుమ్మం దాటడానికి మాత్రమే. దాటాక లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94. మనం ఐ-539 అనే ఫారం నింపి అడిగేది ఆ ఉండే గడువు పెంచమని. వీసా స్టాంపు చచ్చిపోయి రెండేళ్లయినా ఐ-94 బతికుంటే నిశ్చింతగా ఉండొచ్చు. నా సంగతి దానికి తిరగబడింది, స్టాంపు నవనవలాడుతోంది, ఐ-94 కొన ఊపిరితో ఉంది. (2024 జనవరి చివరి నుంచి ఏప్రిల్ 1 దాకా, అమెరికాలో ఉండగానే నిజంగా వీసా స్టాంపే రెన్యూ చేసే ప్రయోగం ఒకటి పెట్టారు, ఇరవై వేల మంది వరకు. అది కూడా హెచ్-1బీ వాళ్లకే. హెచ్-4 వాళ్లని అందులో చేర్చలేదు. భర్త ఇక్కడే స్టాంపు తెచ్చుకోగలిగినా, భార్య మాత్రం ఇండియా వెళ్లి లైన్లో నిలబడాల్సి వచ్చింది.)

ఆ రాత్రి మా ఆయన్ని లేపాను. ఫోన్ వెలుతురులో కళ్లు చికిలించి ఆ పేజీ చూశారు.

"ఇదేంటి, మనకి 2026 దాకా అప్రూవ్ అయిందిగా?"

"మీకయింది."

"నీక్కూడా వచ్చిందిగా, లాయరు ఆవిడ మెయిల్ పెట్టింది."

వచ్చింది నిజమే. 2023లో ఆయన హెచ్-1బీ పొడిగింపుతో పాటు నా హెచ్-4 కూడా 2026 సెప్టెంబరు దాకా అప్రూవ్ అయింది. కానీ ఆ తర్వాత దేశం దాటి వెళ్లొచ్చాం. అన్నిటికన్నా చివర ఇచ్చిన ఐ-94 ఏదో అదే లెక్క. ఎయిర్‌పోర్టులో ఇచ్చిన పది నెలల కాగితం ముందు, లాయరు పంపిన మూడేళ్ల కాగితం చిత్తుకాగితంతో సమానం. ఆ మూడేళ్ల కాగితాన్ని మేం ప్లాస్టిక్ ఫోల్డర్లో భద్రంగా దాచుకున్నాం. చెల్లే కాగితాన్ని వెబ్‌సైట్‌లో చూసింది లేదు.

"నువ్వు చూసుకోలేదా?" అన్నారు. కోపంగా కాదు, నిద్రమత్తులో. "మీరు చూడలేదా?" అన్నాను. ఇద్దరి ప్రశ్నా ఒకటే, జవాబూ ఒకటే. కాకపోతే నిజం చెప్పాలంటే, ఆయన తనది చూసుకున్నారు. విమానం దిగిన వారానికే చూసుకున్నారట. నాది చూడాలని ఆయనకి తట్టలేదు. చూసుకోవాలని నాకూ తట్టలేదు. అదే ఆయన కార్డుకి బిల్లు ఎక్కువ వస్తే నాకు తడుతుంది, నాకు దగ్గొస్తే ఆయనకి తడుతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను ఆయన ఫైల్లో ఒక కాగితాన్ని.

పొద్దున్నే కంపెనీ లాయరు ఆఫీసుకి ఫోన్ చేశాం. మర్యాదగా మాట్లాడారు, అది మా పరిధిలోకి రాదన్నారు, విడిగా చేయాలంటే ఇంత అవుతుందని ప్రభుత్వ ఫీజుకి రెండింతలు చెప్పారు. వాళ్లనీ తప్పు పట్టలేను. హెచ్-1బీకి పెట్టే ఐ-129 ఫారం కంపెనీది, దానికి దరఖాస్తుదారు కంపెనీయే. నా ఐ-539కి దరఖాస్తుదారుని నేను. ఆ ఆఫీసు కంపెనీకి పనిచేస్తుంది, నాకు కాదు. ఇన్నేళ్లూ వాళ్లు నా ఫారం కూడా కలిపి పంపుతుంటే నా లాయరు కూడా వాళ్లే అనుకున్నాను.

దారులు మూడు కనిపించాయి. దేశం దాటి, కొత్త పాస్‌పోర్టు చూపించి మళ్లీ రావడం మొదటిది. మూడు వారాల్లో టికెట్లు, కిండర్‌గార్టెన్‌లో చేరబోతున్న పిల్లాడు, ఖర్చు చూసి వద్దనుకున్నాం. ఎయిర్‌పోర్టులో ఐ-94 దిద్దే చోటికి వెళ్లడం రెండోది. కానీ అక్కడ దిద్దేది పొరపాట్లని, నా తేదీలో పొరపాటు లేదు. మూడోది ఐ-539 నేనే ఆన్‌లైన్లో పెట్టడం. కాగితం మీద పంపితే 470 డాలర్లు, ఆన్‌లైన్లో 420. యాభై డాలర్లు కలిసొచ్చాయని కాదు, రసీదు అప్పటికప్పుడు వస్తుందని ఆన్‌లైన్లో పెట్టాను. ఐఓఈ అని మొదలయ్యే ఆ నంబరు చేతిలో పడితే, ఆగస్టు 14 దాటినా దరఖాస్తు పెండింగులో ఉన్నంతకాలం నేను అక్రమంగా ఉన్నట్టు లెక్కించరు. కనీసం 45 రోజుల ముందు పెట్టమని ఫారం సూచనల్లోనే రాసి ఉంటుంది. నా దగ్గర ఉన్నవి ఇరవై రెండు.

ఫారం తెరిచాక తెలిసింది, నా పేరు మీద అంతకుముందు రెండుసార్లు ఇదే ఫారం వెళ్లింది. 2020లో మా ఆయన చదువు ముగిసి హెచ్-1బీకి మారినప్పుడు నేను ఎఫ్-2 (విద్యార్థి భార్యకిచ్చే వీసా) నుంచి హెచ్-4కి మారడానికి ఒకసారి, 2023లో పొడిగింపుకి ఒకసారి. రెండుసార్లూ సంతకం నాదే. పసుపు స్టిక్కరు అంటించిన చోటల్లా పెట్టి ఇచ్చాను. లోపల ఏం రాశారో చదివితే ఒట్టు.

ఇప్పుడు చదివాను. మారణహోమంలో పాల్గొన్నారా, ఎవరినైనా హింసించారా అని అడుగుతుంది. లేదు, లేదు అని నొక్కుకుంటూ పోతున్నాను. అమెరికా వచ్చాక ఉద్యోగం చేశారా అన్నది. లేదు. అప్పుడు ఇంకో గడి తెరుచుకుంది. అయితే మిమ్మల్ని మీరు ఎలా పోషించుకుంటున్నారో పూర్తిగా వివరించండి, ఆదాయం ఎక్కడిది, ఎంత, ఏ ఆధారంతో వస్తోంది?

ఆ గడి ముందు చాలాసేపు కూర్చున్నాను. వివరించమన్నారు కదా అని వివరించాను. ఆరేళ్లు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాను, పెళ్లయి ఇక్కడికొచ్చాను, నాకిచ్చిన హోదాలో పనిచేయడం నిషేధం కాబట్టి చేయట్లేదు, నన్ను నేను పోషించుకోలేక కాదు. మా ఆయన భుజం మీంచి చదివి, "వాళ్లకి ఉత్తరం రాస్తున్నావా?" అన్నారు.

"అడిగారుగా, పూర్తిగా వివరించమని."

"అడిగింది డబ్బు గురించి."

చెరిపేశాను. భర్త జీతం మీద ఆధారపడి ఉన్నాను, జీతం ఏడాదికి ఇంత, పే స్టబ్బులు జతచేశాను. రెండే వాక్యాలు. ఆయన చెప్పింది నిజమే, ఇమిగ్రేషన్ ఫారం గోడు వెళ్లబోసుకునే చోటు కాదు. కానీ రెండుసార్లు ఎవరో నా తరఫున ఆ గడి నింపారు, నేను ఎలా బతుకుతున్నానో నాకు చెప్పకుండా ప్రభుత్వానికి చెప్పారు అన్న ఆలోచన మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే చెప్తున్నా, మీ ఫారం లాయరు నింపినా, భర్త నింపినా, సంతకానికి ముందు ఒక్కసారి మొత్తం చదవండి. అబద్ధం ఉంటే జవాబు చెప్పుకోవాల్సింది సంతకం పెట్టినవాళ్లే.

తర్వాత పేర్ల గొడవ. మన తెలుగువాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. నా పాత పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. అందుకని వీసాలో నా పేరంతా సర్‌నేమ్ అయి కూర్చుంది, అసలు పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడింది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. ఆరేళ్లు ఈ దేశంలో నా పేరు అదే. మందుల షాపులో "ఫ్నూ" అని పిలిస్తే లేచి వెళ్లేదాన్ని. కొత్త పాస్‌పోర్టులో బుద్ధిగా ఇంటిపేరు వేయించాను. దాంతో ఇప్పుడు వీసాలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో మూడో స్పెల్లింగు. ముగ్గురూ నేనేనని నిరూపించడానికి ఒక సాయంత్రం పట్టింది. ఇంతకుముందు వాడిన పేర్లు రాయమనే చోట అన్నీ రాశాను. మా ఆయన ఐ-797 (అప్రూవల్ నోటీసు), ఐ-94, పాస్‌పోర్టు, కంపెనీ ఉత్తరం, మూడు పే స్టబ్బులు, పెళ్లి సర్టిఫికెట్, నా రెండు పాస్‌పోర్టులు. 23వ తేదీ రాత్రి పదకొండున్నరకి సబ్మిట్ నొక్కాను.

ఆగస్టు 15 నుంచి లైసెన్సు లేదు. సరిగ్గా ఆ వారమే బాబు బడి మొదలు. పొద్దున మా ఆయన దింపేవారు, మధ్యాహ్నం నేను నడిచి వెళ్లి తెచ్చుకునేదాన్ని. టెక్సస్ ఆగస్టు ఎండ తెలిసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఇంటిముందు కారు అలాగే ఉండేది. ఒక్కోరోజు ఊరికే తాళం తీసి కూర్చుని, ఏసీ వేసుకుని దిగిపోయేదాన్ని. మా ఇంట్లో ముగ్గురం, మూడు రకాలు. ఆయనది హెచ్-1బీ, నాది హెచ్-4, ఇక్కడే పుట్టాడు కాబట్టి వాడు సిటిజన్. ఎవరి అప్రూవలూ అక్కర్లేనివాడు మా ఇంట్లో ఐదేళ్లవాడొక్కడే. డిసెంబరు మొదటివారంలో జవాబొచ్చింది. ఐ-797ఏ అడుగున కత్తిరించుకునే ముక్కగా కొత్త ఐ-94, 2026 సెప్టెంబరు దాకా.

ఇదంతా విని ఒకాయన, మా ఆయన స్నేహితుడే, నవ్వేశాడు. "ఫార్మాలిటీ వదినా, హెచ్-1 వస్తే హెచ్-4 దానంతటదే వస్తుంది. ఊరికే టెన్షన్ పడతారు." ఈ మాట అనేవాళ్లు చాలామంది, వాళ్లలో ఎక్కువమంది హెచ్-1 వాళ్లే. సగం నిజం కూడా. భర్త హోదా సక్రమంగా ఉంటే, గడువులోగా అడిగితే, హెచ్-4 ఇవ్వకపోవడం అరుదు. కానీ దానంతటదే రాదు, అడిగితేనే వస్తుంది. ఎప్పుడొస్తుందన్నదాన్ని బట్టి జీవితం మారిపోతుంది.

అడగకపోతే ఏమయ్యేదో చెప్తాను. 1996 నాటి చట్టం ప్రకారం ఐ-94 గడువు దాటి 180 రోజులకి పైగా ఉండి దేశం వదిలితే మూడేళ్లు తిరిగి రానివ్వరు. ఏడాది, ఆపైన ఉంటే పదేళ్లు. నేను 2026లో ఆయన తర్వాతి పొడిగింపు దాకా చూసుకోకపోయి ఉంటే ఏడాదిన్నర దాటేది. ఆ మధ్యలో అమ్మకి ఒంట్లో బాగోలేదని వెళ్లి ఉంటే? నన్ను కాపాడింది నా జాగ్రత్త కాదు, లైసెన్సు. డ్రైవింగ్ రానివాళ్లకి ఆ కార్డు కూడా ఉండదు. హెచ్-4 మీద ఉండి డ్రైవింగ్ నేర్చుకోనివాళ్లు మా కాంప్లెక్సులోనే నాకు తెలిసి నలుగురున్నారు.

ఇక ఎప్పుడొస్తుందన్న సంగతి. 2020లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే ఆవిడ టెస్టింగ్ ఉద్యోగం చేసేది, హెచ్-4 ఈఏడీ మీద, అంటే హెచ్-4 వాళ్లలో కొందరికి ఇచ్చే పనిచేసే అనుమతి కార్డు మీద. 2019 మార్చి నుంచి ఐ-539 పెట్టిన ప్రతి ఒక్కరూ వెళ్లి వేలిముద్రలు ఇచ్చి రావాలని పెట్టారు, మనిషికి 85 డాలర్లు అదనం. 2020 మార్చిలో కోవిడ్‌తో ఆ సెంటర్లు మూతపడ్డాయి. వేలిముద్రలు లేనిదే హెచ్-4 కదలదు, హెచ్-4 లేనిదే ఈఏడీ రాదు. వాళ్లాయన హెచ్-1బీ ప్రీమియంలో, అంటే త్వరగా తేల్చమని అదనపు ఫీజు కట్టడంతో, రెండు వారాల్లో వచ్చేసింది. ఆవిడ కార్డు గడువు తీరిన రోజు మధ్యాహ్నం కంపెనీవాళ్లు లాప్‌టాప్ తిరిగి పంపడానికి అట్టపెట్టె పంపించారు. ఆ పెట్టె వారంపాటు వాళ్ల గుమ్మంలోనే ఉంది. కొత్త కార్డు ఐదు నెలలకి వచ్చింది, అప్పటికి ఆ ఉద్యోగం లేదు. ఆవిడతో ఎవరైనా ఫార్మాలిటీ అని అంటారేమో చూడాలి.

హెచ్-4 వాళ్లలో కొందరికి పనిచేసే అనుమతి 2015 మే 26 నుంచి ఉంది, భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయి ఉంటే, లేదా హెచ్-1బీ ఆరేళ్లు దాటి కొనసాగుతుంటే. ఆ రూలు కొట్టేయమని అప్పుడే వేసిన కేసు పదేళ్లు నడిచింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని వినడానికి ఒప్పుకోకపోవడంతో రూలు నిలిచింది. ఆ కార్డులు తీసుకున్నవాళ్లలో పదిమందికి తొమ్మిదిమందికి పైగా ఆడవాళ్లే, దాదాపు అంతమందీ ఇండియాలో పుట్టినవాళ్లే. అంటే ఇది ఎక్కడో జరిగే విషయం కాదు, మన వంటింటి విషయం.

చట్టాన్ని తిట్టాల్సింది ఇక్కడ. హెచ్-1బీకి ప్రీమియం ఉంది. ఆ అదనపు ఫీజు కడితే పదిహేను పనిదినాల్లో ఏదో ఒకటి తేలుస్తారు. హెచ్-4 పొడిగింపుకి డబ్బు కడతామన్నా ఆ సౌకర్యం లేదు. ఇద్దరి కాగితాలూ ఒకే కవరులో వెళ్తాయి. ఒకటి రెండు వారాల్లో తిరిగొస్తుంది, రెండోది నెలలు కూర్చుంటుంది. ఇలా ఎందుకని కొందరు కోర్టుకెక్కితే, 2023 జనవరిలో ప్రభుత్వం రాజీకొచ్చింది. కలిపి పెడితే కలిపే చూస్తాం, హెచ్-1బీ ప్రీమియం అయినా సరే, అని రెండేళ్లకి ఒప్పుకుంది. మా 2023 అప్రూవల్ ఇద్దరికీ ఒకేరోజు వచ్చింది అందుకేనని తర్వాత తెలిసింది, అప్పుడు మా అదృష్టం అనుకున్నాం. ఆ ఒప్పందం 2025 జనవరి 18తో తీరిపోయింది. వేలిముద్రల ఫీజూ, ఆ గొడవా 2023 అక్టోబరులోనే తీసేశారు, అది మాత్రం మేలు. మళ్లీ 2025 అక్టోబరు 30న ఇంకో దెబ్బ. ఈఏడీ రెన్యువల్ పెండింగులో ఉన్నప్పుడు పాత కార్డు 540 రోజుల దాకా చెల్లేలా ఉన్న సదుపాయం, ఆ తేదీ నుంచి పెట్టే దరఖాస్తులకి ఎత్తేశారు.

ప్రతి మనిషినీ విడిగా పరిశీలించాలి, భద్రత ముఖ్యం అంటారు అటువైపువాళ్లు. సరే, పరిశీలించండి. కానీ నా ఫారంలో నా గురించి కొత్తగా చూడాల్సింది ఎంత? నేను పంపిన కాగితాల్లో సగానికి పైగా మా ఆయనవి. ఆయన ఉద్యోగం, ఆయన జీతం, ఆయన గడువు. అవన్నీ రెండు వారాల్లో పరిశీలించి సరే అన్నాక, అవే కాగితాలు నా పేరు మీద ఇంకో బల్ల మీద నెలలు ఎందుకుండాలి? రెండేళ్లు కలిపి చూశారు, ఆకాశమేమీ ఊడిపడలేదు. హక్కుల విషయానికొస్తే నేను ఆయన నీడని, ఆయన ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు నాకూ ఆయనతో పాటే మొదలవుతుంది. ఎదురుచూపు విషయానికొస్తే మాత్రం నేను స్వతంత్రురాలిని. ఈ రెండిట్లో ఏదో ఒకటే ఉండాలని నా వాదన.

చట్టం గురించి ఇంత చెప్పి ఇంటి గురించి చెప్పకపోతే అది దొంగ వాదన అవుతుంది. పాస్‌పోర్టులు ఎక్కడుంటాయి మీ ఇంట్లో? ఇమిగ్రేషన్ ఖాతా ఎవరి ఈమెయిల్ మీద ఉంది? మాకైతే అన్నీ మా ఆయన దగ్గరే ఉండేవి. ఆయన దాచిపెట్టి కాదు, నేను పట్టించుకోక. మంచి మనిషి కాబట్టి ఏమీ కాలేదు. అందరికీ అలా ఉండదు. "నా మాట వినకపోతే నీ వీసా పొడిగించను" అనే మొగుడి గురించి విన్నాను, వినడమేంటి, ఆమె నాతో చెప్పుకుని ఏడ్చింది. ఆమెకీ నాకూ అప్పుడు తెలీనిదేమిటంటే, ఐ-539 పెట్టేది భార్యే, భర్త కాదు. ఆయన కాగితాలు కావాలి, అది నిజమే, అక్కడ ఆయన చేతిలో పట్టు ఉంది. కానీ వేధింపులు పడుతున్న హెచ్-4 భార్యలు భర్త ప్రమేయం లేకుండా పనిచేసే అనుమతి అడగడానికి ఐ-765వీ అని వేరే ఫారమే ఉంది. దాని గురించి మన పెళ్లిళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ ఎప్పుడూ ఫార్వర్డ్ చేయలేదు. చీరల సేల్ లింకులు మాత్రం రోజుకి ఆరు.

ఇప్పుడు నా ఖాతా నా ఈమెయిల్ మీద ఉంది, పాస్‌వర్డు నాకే తెలుసు. మా ఆయన కొంచెం నొచ్చుకున్నారు, తర్వాత మర్చిపోయారు. విమానం దిగి లగేజీ వచ్చేలోపే ఇద్దరి ఐ-94లూ ఫోన్లో చూస్తాను. తేదీ పాస్‌పోర్టుది పడిందా, వీసాది పడిందా అన్నది అప్పుడే తెలిసిపోతుంది. గడువు ఏడాదిలోపు ఉన్న పాస్‌పోర్టుతో ఇంక ప్రయాణమే పెట్టుకోను. మా ఆయన ఐ-140 పోయినేడాది అప్రూవ్ అయింది, కాబట్టి ఈ మార్చి నుంచి పొడిగింపుతో పాటు నేను ఈఏడీకి కూడా పెట్టుకోవచ్చు. ఎనిమిదేళ్ల తర్వాత. ఆ గడిలో రాయాల్సిన రెండు వాక్యాలు ఈసారి కూడా అవే, ఇంకొక్కసారికి.

మొన్న ఒక పుట్టినరోజు ఫంక్షన్లో ఇదంతా చెప్తుంటే ఆడవాళ్లందరూ ఫోన్లు తీశారు. కొందరికి పాస్‌పోర్టు నంబరు గుర్తులేక అక్కడికక్కడ చూసుకోలేకపోయారు. వాళ్లలో ఒకమ్మాయి, పెళ్లయి వచ్చి ఏడాదిన్నర అయి ఉంటుంది, రాత్రి పదింటికి ఫోన్ చేసింది. "అక్కా, నా వీసా అయితే 2027 దాకా ఉంది. పాస్‌పోర్టు ఎప్పటిదాకానో గుర్తు రావట్లేదు, కానీ ఈ ఏడే అనుకుంటా." పాస్‌పోర్టు తీసి చూడమన్నాను. ఆయన ఏ సొరుగులో పెట్టాడో తెలీదంది. ఆయన నైట్ కాల్‌లో ఉన్నాడట. సొరుగులు ఒక్కొక్కటీ లాగి మూస్తున్న చప్పుడు వినిపించింది కాసేపు. దొరికాక మళ్లీ చేస్తానని పెట్టేసింది.